బెదిరిపోయే కుక్కతో ఎలా? మిన్ను ఎవరిని చూసినా ఊగిపోతోంది

మిన్ను_ఇల్లు

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మిన్నును షెల్టర్ నుంచి తెచ్చుకుని ఏడు నెలలైంది. వయసు రెండేళ్ళు ఉండొచ్చన్నారు. 17 కిలోలు. వచ్చిన మొదటి మూడు వారాలు సోఫా వెనక మూల వదిలి రాలేదు. అరుపు లేదు, గోల లేదు. ఎంత నెమ్మదైన పిల్లో అని మురిసిపోయాం. అది నెమ్మది కాదని, భయంతో బిగుసుకుపోయిందని ఇప్పుడు అర్థమవుతోంది.

నెల దాటాక అసలు సంగతి మొదలైంది. బయట ఇంకో కుక్క కనబడితే చాలు, వెనక కాళ్ళ మీద లేచి, లీష్ తెగిపోతుందేమో అన్నట్టు లాగుతూ మొరుగుతుంది. నోట్లో నురగ వస్తుంది. టోపీ పెట్టుకున్న మగవాళ్ళను చూసినా, సైకిళ్ళను చూసినా, తెరిచిన గొడుగును చూసినా అంతే. కాలింగ్ బెల్ మోగితే ఇల్లంతా పరుగులు. పోయిన గురువారం మలుపులో ఒక కుక్క ఎదురుపడింది. నేను కంగారుగా లీష్ వెనక్కి గుంజాను. మిన్ను గిర్రున తిరిగి నా పిక్క పట్టుకుంది. వెంటనే వదిలేసింది. తర్వాత వణుకుతూ నా కాళ్ళ దగ్గరే కూర్చుండిపోయింది.

ఇంట్లో మాతో ఉన్నప్పుడు అసలు వేరే ప్రాణి. నేను కూర్చుంటే వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోతుంది.

ఒకరు గట్టిగా బెదిరించమంటారు. ఒకరు ప్రేమగా చూసుకుంటే అదే సర్దుకుంటుందంటారు. ఇంకొకరు నాలుగు కుక్కల మధ్య వదిలేస్తే అలవాటవుతుందంటారు. పొద్దున్నే లీష్ చేతిలోకి తీసుకుంటేనే నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడుతున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

వెదురుపొద

ముందు ఆ పిక్క సంగతి చెప్పండి. తోలు తెగిందా? చిన్న గీత పడినా సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. మిన్నుకు రేబిస్ టీకా వేయించి ఉన్నా సరే. ఇప్పటిదాకా వెళ్ళకపోతే ఇవాళే వెళ్ళండి.

ఇక మిన్ను గురించి. అది మీ మీద కోపంతో కరవలేదండి. ఒళ్ళంతా ఒకవైపు దూకుతున్నప్పుడు మీరు వెనక్కి గుంజారు. ఆ ఉద్రేకం పక్కన ఏది తగిలితే దాని మీదికి మళ్ళుతుంది. ఆ క్షణంలో అది మీ కాలని కూడా దానికి తెలియదు.

మా గవ్వ తొమ్మిదేళ్ళుగా నాతో ఉంది. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది ఒకే మాట: దూరం. ప్రతి బెదురు కుక్కకూ ఒక గీత ఉంటుంది. ఆ గీతకు ఇవతల ఉన్నంతసేపు ఎదుటి కుక్కను చూస్తుంది, చెవులు రిక్కిస్తుంది, అయినా మీరు పిలిస్తే తల తిప్పుతుంది, మీ చేతిలో ముక్క తింటుంది. గీత దాటిందంటే ఉడికించిన చికెన్ మూతికి ఆనించినా దాని కంటికి కనబడదు. అప్పుడు ఎంత పిలిచినా, ఎంత తిట్టినా చెవికెక్కదు. నేర్చుకునే స్థితిలోనే ఉండదు పాపం. గవ్వకు మొదట్లో ఆ గీత 60 మీటర్ల దగ్గర ఉండేది. నేనేమో 5 మీటర్ల దగ్గర నిలబెట్టి ‘కూర్చో, కూర్చో’ అని అరిచేదాన్ని. అలా ఒక ఏడాది పోగొట్టాను. దానికి ఇప్పటికీ బాధపడుతుంటాను.

ఈ వారం ఏమీ నేర్పకండి. మిన్ను ఎంత దూరంలో ఇంకో కుక్కను చూసి కూడా తినగలుగుతోందో ఊరికే కనిపెట్టండి. అడుగుల్లో లెక్కపెట్టి రాసుకోండి. ఆ దూరం దొరకని దారి అయితే ఆ దారిలో నడక మానేయండి.

పాతకాపు

ఇంత హైరానా ఎందుకండీ. మా రాజా 34 కిలోలు. బయటికి వెళ్తే ఇలాగే గోల చేసేవాడు. గొలుసు కాలర్ వేసి నాలుగుసార్లు గట్టిగా గుంజాను. గుర్రుమన్నప్పుడల్లా మూతి మీద ఒకటిచ్చాను. నెల తిరిగేసరికి దారికొచ్చాడు. ఇప్పుడు నోరెత్తడు. కుక్క గుంపులో బతికే జంతువు, ఇంట్లో పెద్ద ఎవరో తెలిస్తే అణిగి ఉంటుంది. మీరు భయపడుతున్నారు కాబట్టే అది పెత్తనం చేస్తోంది. మొరిగిన కుక్కకు చికెన్ పెడితే మొరిగినందుకు మెచ్చుకున్నట్టే కదా.

పశువైద్యురాలు_22

మిన్ను_ఇల్లు గారూ, ట్రైనింగ్ కన్నా ముందు ఒక్కసారి పూర్తి పరీక్ష చేయించండి. తుంటి కీళ్ళ నొప్పి, పంటి నొప్పి, చెవిలో ఇన్ఫెక్షన్, ఆగని దురద, వీటిలో ఏది ఉన్నా కుక్కకు ఓర్పు తగ్గిపోతుంది. నొప్పి ఉన్న కుక్క ఇంకో కుక్కను దగ్గరికి రానివ్వదు, ఎందుకంటే తగిలితే నొప్పెడుతుంది. కుంటితేనే నొప్పి ఉన్నట్టు అనుకోకండి. మెట్లు ఎక్కడానికి తటపటాయించడం, కూర్చున్నప్పుడు ఒక కాలు పక్కకు చాపడం, ఒకే చోట పదేపదే నాక్కోవడం కూడా నొప్పికి గుర్తులే. క్లినిక్‌లో భయంతో బిగుసుకుపోయి మామూలుగానే నడిచేస్తాయి. అందుకే ఇంట్లో నడిచేటప్పుడు, లేచేటప్పుడు ఫోనులో వీడియో తీసి తీసుకెళ్ళండి. మాకు అది చాలా పనికొస్తుంది.

పాతకాపు గారూ, మీ రాజా గురించి నాకు నిజంగా దిగులుగా ఉంది, అందుకే రాస్తున్నాను. గుర్రు అనేది కుక్క నోటి మాట. ‘ఆగు, ఇంక దగ్గరికి రాకు’ అని చెప్పడం. దెబ్బలకు భయపడి ఆ మాటను మింగేస్తుంది. భయం మాత్రం లోపలే ఉంటుంది. అలాంటి కుక్క ఒక రోజు చెప్పాపెట్టకుండా కరుస్తుంది. ‘ఎప్పుడూ గుర్రుమనలేదండీ, ఉన్నట్టుండి కరిచింది’ అని వచ్చేవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఇంకాస్త అడిగితే, చిన్నప్పుడు గుర్రుమంటే కొట్టామని చెబుతారు.

పాతకాపు

మా రాజా అలాంటివాడు కాదు. మీ సలహా మీది.

రాత్రినడక

ఆ ‘గుంపుకు పెద్ద’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బంధించి ఉంచిన తోడేళ్ళను గమనించి రాసిన దాని నుంచి ఆ ఆలోచన పాకింది. ఎక్కడెక్కడివో తెచ్చి ఒక చోట కుక్కిన తోడేళ్ళు పెత్తనం కోసం కొట్టుకున్నాయి. తర్వాత డేవిడ్ మీచ్ అడవిలో ఏళ్ళ తరబడి తోడేళ్ళను చూసి, 1999లో వేరే సంగతి రాశారు. అడవిలో గుంపు అంటే చాలావరకు ఒక తల్లి, ఒక తండ్రి, వాళ్ళ పిల్లలు. అది ఒక కుటుంబం. ఈ పెత్తనం మాటకు మొదట్లో ఊపునిచ్చిన వాళ్ళలో ఆయన కూడా ఒకరు, అందుకే ఆ దిద్దుబాటుకు అంత విలువ.

ఇంకొకటి. పోర్చుగల్‌లో 92 కుక్కలను పరిశీలించి 2020లో ఒక అధ్యయనం వెలువడింది. గుంజుడు, దండన వాడే చోట శిక్షణ పొందిన కుక్కలు పెదాలు నాక్కోవడం, ఆవలించడం లాంటి ఒత్తిడి గుర్తులు ఎక్కువగా చూపించాయి. క్లాసు అయ్యాక వాటి లాలాజలంలో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగింది. నోరెత్తని కుక్క ప్రశాంతంగా ఉన్నట్టు కాదు.

పాఠాలబల్ల

నేను కుక్కల నిపుణుణ్ణి కాదు, మనస్తత్వశాస్త్రం చెప్పే మాస్టార్ని. మా ఇంట్లోనూ ఒక బెదురు పిల్ల ఉంది, అందుకే ఇక్కడ చేరాను. వెదురుపొద గారు చెప్పిన దూరం, తిండి అనే పద్ధతికి నూరేళ్ళు దాటాయి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు, కుందేలంటే హడలిపోయే మూడేళ్ళ లోపు పిల్లవాడి గురించి రాశారు. ఆ కథనంలో వాడి పేరు పీటర్. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైనది తినిపిస్తూ, బోనులో ఉన్న కుందేలును గదిలో దూరంగా, వాడి తిండికి ఆటంకం కలగనంత దూరంలో ఉంచేవారు. రోజురోజుకూ కొంచెం కొంచెం దగ్గరికి జరిపారు. చివరికి వాడు కుందేలును ఒళ్ళో పెట్టుకున్నాడు. కుందేలును ఒక్కసారిగా వాడి ఒళ్ళో పడేసి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. మిన్నును నాలుగు కుక్కల మధ్య వదలమన్న సలహా అదే.

మొరిగినందుకు మెచ్చుకోవడం కాదా అన్న పాతకాపు గారి సందేహం చాలామందికి ఉంటుంది. కూర్చోవడం, చెయ్యి ఇవ్వడం పనులు. బహుమతి ఇస్తే పని పెరుగుతుంది. భయం పని కాదు. ఉరుముకు హడలిన పిల్లను ఒళ్ళోకి తీసుకుంటే, రేపు కావాలని ఇంకా ఎక్కువ హడలదు కదా. మిన్ను వణుకుతూ మీ దగ్గరికి వస్తే దగ్గరికి తీసుకోండి, ఏ అనుమానమూ పెట్టుకోకండి.

మిన్ను_ఇల్లు

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. పిక్క మీద తోలు తెగలేదు, కమిలింది అంతే. అయినా డాక్టరుకు చూపించాను. మిన్నుకు కూడా పరీక్ష చేయించాం. కుడి చెవిలో పాత ఇన్ఫెక్షన్ ఉందన్నారు, మందు వేస్తున్నాం. ఎన్ని రోజులుగా ఆ నొప్పి భరిస్తోందో తలుచుకుంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

దూరం లెక్కపెట్టాను. కదలకుండా నిలబడ్డ కుక్క అయితే 45 అడుగులు వేసినంత దూరంలో తింటుంది. మా వైపు నడుచుకుంటూ వచ్చే కుక్క అయితే 70. టోపీ మనిషి 30. ఇన్నాళ్ళూ నేను దీన్ని 8, 10 అడుగుల దూరంలోంచి లాక్కెళ్ళాను.

ఒక చిక్కు వచ్చింది. కుక్క వస్తోందని నాకు ముందు కనబడగానే గబగబా ముక్కలు పెట్టడం మొదలుపెట్టాను, అటు చూడకుండా ఉంటుందని. నాలుగు రోజులు పనిచేసింది. ఇప్పుడు నేను ముక్కల సంచిలో చెయ్యి పెడితే చాలు, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని చుట్టూ వెతుకుతోంది. ఎక్కడ తప్పు చేశాను?

పాఠాలబల్ల

వరస తిరగబడింది. మీరు తిండి పెట్టిన తర్వాత కుక్క వస్తోంది. అంటే మిన్ను లెక్కలో తిండి అనేది కుక్క వస్తోందన్న కబురు. ముందు మిన్ను ఆ కుక్కను చూడాలి. చూసిన తర్వాత, ఒకటి రెండు క్షణాల్లో, ముక్క రావాలి. కుక్క కనబడుతున్నంతసేపు ముక్కలు వరసగా పడాలి, కుక్క కనుమరుగు కాగానే ఆగిపోవాలి. అప్పుడే ‘అదొస్తే నాకు చికెన్ వస్తుంది’ అని దాని మనసులో ముడి పడుతుంది. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ తన కుక్కలకు ముందు గంట వినిపించి తర్వాత తిండి పెట్టేవారు, అందుకే గంట వింటేనే వాటికి నోరూరేది. ఇక్కడ ఎదుటి కుక్కే గంట.

సంచి మీద పడ్డ అనుమానం పోగొట్టడానికి, ఇంట్లో ఏమీ జరగనప్పుడు కూడా ఆ సంచి నడుముకు కట్టుకుని తిరగండి. ఊరికే అప్పుడప్పుడు ఒక ముక్క ఇవ్వండి.

వెదురుపొద

మాస్టారు చెప్పిన దానికి ఒక్క మాట కలుపుతాను. కొన్ని రోజులకు ఒక విచిత్రం జరుగుతుంది. మిన్ను ఎదుటి కుక్కను చూస్తుంది, ఆ వెంటనే దానంతట అది మీ మొహం వైపు తిరుగుతుంది, ‘చూశాను, ఏదీ నా ముక్క’ అన్నట్టు. ఆ తల తిరగడం కోసమే ఈ పాట్లన్నీ. అది చూసిన రోజు ఇక్కడికి వచ్చి చెప్పండి, నేను ఎదురుచూస్తుంటాను.

ఇంకా, చేతి వేళ్ళతో సహా లాక్కుని తింటోందా, మెత్తగా తీసుకుంటోందా గమనించండి. గట్టిగా లాక్కుంటోందంటే గీతకు చాలా దగ్గరలో ఉందన్నమాట. గట్టిగా మొరగడానికి ముందే చాలా చెబుతుంది. మూతి మూసుకుని బిగుసుకోవడం, ముందు కాలు ఎత్తి పట్టుకోవడం, ఆకలి లేకపోయినా పెదాలు నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలింత, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం. ఇవి చదవడం వచ్చాక మొరిగేదాకా రానివ్వరు మీరు.

రాత్రినడక

రోజూ నడక తప్పదని ఎవరూ రాసిపెట్టలేదు. ఈ మాట నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. పొద్దున బెల్ మోగి హడావుడి అయింది, మధ్యాహ్నం ఉరిమింది, సాయంత్రం సైకిల్ ఎదురైంది అనుకోండి. విడివిడిగా ఏదీ పెద్దది కాదు. ఒకదాని మీద ఒకటి పేరుకుంటే, మామూలుగా పట్టించుకోని చిన్న కుక్కపిల్లను చూసినా పేలిపోతుంది. అలాంటి రోజు గడప దాటించకండి. ఇంట్లోనే పాత తువ్వాలులో ముక్కలు చుట్టి ముడివేసి ఇవ్వండి, గడ్డిలో గుప్పెడు చల్లి వెతుక్కోనివ్వండి. వాసన పట్టే పని కుక్క మనసును స్థిమితపరుస్తుంది. 2019లో షార్లెట్ డ్యూరాంటన్, అలెగ్జాండ్రా హొరోవిట్జ్ చేసిన ప్రయోగంలో, రెండు వారాలు ముక్కుతో వెతికే ఆట ఆడిన కుక్కలు, యజమాని పక్కన నడవడం నేర్చుకున్న కుక్కల కన్నా, తిండి ఉందో లేదో తెలియని గిన్నె దగ్గరికి ఎక్కువ ఆశగా వెళ్ళాయి.

నేను మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకు నడుస్తాను. మనుషులుండరు, కుక్కలుండవు. 10 మీటర్ల పొడవు తాడు, వెన్ను మీద కట్టే హార్నెస్‌కు తగిలించి వదిలేస్తాను. ఆ తాడు కాలర్‌కు మాత్రం తగిలించకండి, పరుగెత్తి ఒక్కసారి ఆగితే మెడకు దెబ్బ. ఒక గంటసేపు ముక్కు నేలకు ఆనించి తిరుగుతుంది. వేరే సమయాల్లో దాని మొహంలో ఆ ప్రశాంతత నేను చూడలేదు.

ఇద్దరుపిల్లలు

మా ఇంట్లో నాలుగేళ్ళ, ఏడేళ్ళ పిల్లలున్నారు, బెదురు కుక్క ఉంది. మిన్ను_ఇల్లు గారింటికి చుట్టాల పిల్లలు ఎప్పుడైనా వస్తే పనికొస్తుందని చెబుతున్నాను. ‘కనిపెట్టుకుని ఉంటాం’ అన్న మాట నమ్ముకోకండి. నేను అదే గదిలో ఉండగా, నా కళ్ళ ముందే మా చిన్నవాడు నిద్రపోతున్న కుక్క మీద పడ్డాడు. పళ్ళు బుగ్గకు తగిలి గీసుకున్నాయి. రేబిస్ సూదులు వేయించాం, గాయం మానింది. నా గుండె మాత్రం ఇంకా కుదుటపడలేదు. ఆ రోజు నుంచి పిల్లలు ఆడుకునేటప్పుడు మధ్యలో గేటు. కుక్క పడుకునే చోటుకు నేల మీద రంగు టేపు అతికించాం, ఆ టేపు దాటి పిల్లలెవరూ వెళ్ళకూడదు. అది కుక్క ఇల్లు.

మూతి చిక్కం గురించి కూడా. పరువు తక్కువని రెండేళ్ళు వాయిదా వేశాను. బుట్టలా ఉండే చిక్కం తీసుకోండి, అందులో నోరు తెరిచి రొప్పగలదు, నీళ్ళు తాగగలదు, మనం ముక్కలు అందించగలం. నోరు బిగించి కట్టే గుడ్డది నడకకు పనికిరాదు, రొప్పలేక ఒంట్లో వేడి పెరిగిపోతుంది. మొదటి రోజే తగిలించి బక్కిల్ పెట్టేయకండి. గిన్నెలా పట్టుకుని లోపల ముక్క వేయండి, మూతి పెట్టి తినేసి తీసేసుకోనివ్వండి. మాకు మూడు వారాలు పట్టింది. ఇప్పుడు చిక్కం చేతిలోకి తీసుకుంటే దానంతట అదే వచ్చి మూతి దూరుస్తుంది. నాకు బయట గుండె దడ తగ్గింది. నా చేయి బిగుసుకోకపోతే లీష్ బిగుసుకోదు, లీష్ బిగుసుకోకపోతే కుక్క బిగుసుకోదు.

మిన్ను_ఇల్లు

వెదురుపొద గారూ, చూసింది! నిన్న సాయంత్రం 40 అడుగుల దూరంలో ఒక నల్ల కుక్క. మిన్ను చూసింది, చెవులు ముందుకు వచ్చాయి, నేను ఊపిరి బిగబట్టాను. అప్పుడు తల తిప్పి నా వైపు చూసింది. నేను రోడ్డు మీదే ఏడ్చేశాను. ముక్కలన్నీ పెట్టేశాను.

వెదురుపొద

నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇవాళ, రేపు ఊరికే ఉండండి. దగ్గరికి జరపాలని తొందరపడకండి. 40 దగ్గరే ఇంకో పదిసార్లు.

మిన్ను_ఇల్లు

అంతా పోయింది. తొమ్మిది వారాల కష్టం. ఇవాళ పొద్దున లీష్ లేని ఒక పెద్ద కుక్క పరుగెత్తుకుంటూ మా మీదికి వచ్చింది. దాని యజమాని దూరం నుంచి ‘ఏమీ చేయదండీ, ఆడుకుంటుంది’ అని అరుస్తున్నాడు. మిన్ను కేకలు పెట్టింది, హార్నెస్‌లోంచి వెనక్కి జారిపోబోయింది. రెండిటికీ గాయాల్లేవు. ఇంటికొచ్చాక మంచం కింద దూరింది, మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. సాయంత్రం ఇంటి ముందు గేటు చప్పుడుకే వణికింది. మా ఆయన అడిగారు, మనం దీన్ని హింస పెడుతున్నామా, వేరే మంచి చోటుకు పంపితే నయమేమో అని. నా దగ్గర జవాబు లేదు.

పాఠాలబల్ల

అమ్మా, అంతా పోలేదు. పావ్లోవ్ కుక్కల గురించి అందరూ గంట దగ్గరే ఆగిపోతారు. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌కు వరద వచ్చింది. ఆయన కుక్కలున్న గదుల్లోకి నీళ్ళొచ్చాయి, వాటిని ఈదించి కాపాడారు. ఆ తర్వాత కొన్ని కుక్కలు నేర్చుకున్నవన్నీ మరిచిపోయినట్టు ప్రవర్తించాయి. ఓపిగ్గా మళ్ళీ పని చేస్తే ఆ నేర్పు తిరిగొచ్చింది. కొన్నాళ్ళకు తలుపు కింద నుంచి సన్నగా నీళ్ళు పారనిస్తే, ఆ నీటి జాడకే భయం మళ్ళీ మేలుకుంది. పాత భయం చెరిగిపోదు, దాని మీద కొత్త అలవాటు పేరుకుంటుంది, అంతే. పెద్ద దెబ్బ తగిలితే పాతది పైకి తేలుతుంది. కొత్తది కూడా అక్కడే ఉంటుంది. రెండోసారి ఎక్కడం మొదటిసారి కన్నా తేలిక.

రాత్రినడక

ఒక వారం బయటి నడక పూర్తిగా ఆపేయండి. మలమూత్రాలకు మాత్రం ఇంటి పక్కనే, మనుషులు లేని వేళ. నిద్ర పోనివ్వండి, కావాల్సినంత.

ఇంకోసారి లీష్ లేని కుక్క మీదికొస్తే: మిన్నును మీ వెనక్కి తీసుకుని మీరు మధ్యలో నిలబడండి, అరచేయి చాపి గట్టిగా ‘ఆగు’ అనండి, గుప్పెడు ముక్కలు ఆ వచ్చే కుక్క మొహం మీదికి విసరండి. చాలా కుక్కలు తినడానికి ఆగుతాయి. ఆ నాలుగు క్షణాల్లో వెనుదిరగండి. దీనికోసం ‘పద’ అన్న మాటకు గిర్రున తిరిగి మీతో పరుగెత్తడం ఇంట్లో ఆటగా నేర్పండి, హాల్లో రోజుకు పదిసార్లు, నవ్వుతూ. అవసరమైనప్పుడు కాళ్ళే గుర్తుపెట్టుకుంటాయి. హార్నెస్ జారకుండా కాలర్‌కు కూడా ఒక చిన్న పట్టీ కలిపి కట్టండి.

పశువైద్యురాలు_22

ఇంత దూరం వచ్చాక గేటు చప్పుడుకే వణుకుతోందంటే, మందు గురించి మీ డాక్టరుతో మాట్లాడే సమయం వచ్చింది. మందు అంటే మత్తెక్కించి పడుకోబెట్టడం అనుకుంటారు. అది కాదు. ఫ్లూఆక్సెటిన్ లాంటివి రోజూ ఇస్తారు, తేడా కనబడటానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. భయం మట్టం కాస్త దిగితే మీరు నేర్పేది చెవికెక్కుతుంది. మందు ఒక్కటే ఏదీ నేర్పదు, నేర్చుకునే వీలు కలిగిస్తుంది. మొదటి వారాల్లో ఆకలి తగ్గొచ్చు, మందకొడిగా ఉండొచ్చు, ఏది గమనించినా డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు మొదలుపెట్టకండి, ఒక్కసారిగా ఆపకండి. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. ఐబుప్రోఫెన్ లాంటి మామూలు నొప్పి మాత్ర కూడా కుక్క కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తుంది.

వేరే చోటుకు పంపడం గురించి అడిగారు. అడిగినందుకు తప్పు పట్టుకోకండి. కొన్ని ఇళ్ళలో, ముఖ్యంగా చిన్నపిల్లలున్న చోట, అది సరైన నిర్ణయమే కావచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరే ఉన్నారు, మిన్ను మీ పాదం మీద గడ్డం పెట్టి పడుకుంటోంది. ఇప్పుడే ఏదీ తేల్చకండి.

మిన్ను_ఇల్లు

ఐదు నెలలైంది ఇక్కడికి వచ్చి. మందు మొదలుపెట్టి రెండు నెలలు దాటింది. చాలామంది ప్రైవేటు మెసేజిల్లో అడుగుతున్నారు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మిన్ను మారిపోలేదు. ఇప్పటికీ ఎదురుగా వచ్చే కుక్క 20 అడుగుల లోపలికి వస్తే మొరుగుతుంది. ఉరుములకు స్నానాల గదిలో దూరుతుంది. టోపీ మనుషులు పర్వాలేదు, గొడుగు ఇంకా కాదు. కిటికీ అద్దాలకు కింది సగం పొగమంచు లాంటి కాగితం అతికించాం. రోజంతా బయటికి చూసి మొరగడం దాంతోనే సగానికి పైగా తగ్గింది. ఇది ముందే చేయాల్సింది.

మా మరిది వచ్చినప్పుడు జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి. ఇదివరకు ఆయన చేతిలో ముక్క పట్టుకుని ‘రా రా’ అని పిలిచేవారు. మిన్ను మెడ చాచి, వెనక కాళ్ళు వెనక్కే ఉంచి, ముక్క లాక్కుని, వెంటనే ఆయన చెయ్యి అంత దగ్గరలో ఉందని తెలిసి గుర్రుమనేది. తిండి ఆశ దాన్ని భయం దగ్గరికి లాక్కెళ్ళేది. ఈసారి ఆయన ఒక మూల కుర్చీలో పక్కకు తిరిగి కూర్చున్నారు. చూడలేదు, పిలవలేదు. ముక్కను మిన్ను వెనక్కి, దూరంగా విసిరారు. మిన్ను అటు వెళ్ళి తింది. తిరిగి చూసింది. మళ్ళీ వెనక్కి విసిరారు. ప్రతిసారీ దూరం వెళ్ళి తినొచ్చు, కావాలంటేనే దగ్గరికి రావచ్చు. మూడో రోజు ఆయన బూటు వాసన చూసింది. నాలుగో రోజు ఆయన ఉన్న గదిలోనే ఒక పక్కకు ఒరిగి, కాళ్ళు చాపి నిద్రపోయింది. ఆయన కదలకుండా గంటంపావు కూర్చున్నారు, కాలు తిమ్మిరెక్కినా లేవలేదు.

మా ఆయన ఇప్పుడు పంపేద్దామా అని అడగడం లేదు. పొద్దున నాలుగున్నరకు ఆయనే అలారం పెట్టుకుంటున్నారు.

ఇద్దరుపిల్లలు

మీ మరిదికి నా నమస్కారం చెప్పండి. అంతసేపు కదలకుండా కూర్చునే చుట్టం దొరకడం అదృష్టమే.

పాతకాపు

మీ అందరికీ. ఈ చర్చ మొదట్లో నేను ఏం రాశానో మీకు గుర్తుండే ఉంటుంది.

రాజా ఇరవై రోజుల కిందట నా కూతుర్ని కరిచాడు. మణికట్టు దగ్గర, ఐదు కుట్లు. తను వాడి గిన్నె పక్కనుంచి చీపురు తీసుకుంది, అంతే. గుర్రుమనలేదు, పళ్ళు చూపించలేదు. అప్పటిదాకా తింటున్నవాడు తింటున్నట్టే ఉన్నాడు. నా కూతురు వాణ్ణి ఏమీ అనొద్దని నన్ను బతిమాలింది. పశువైద్యురాలు గారు రాసింది ఆ రాత్రి మళ్ళీ చదివాను. వాడు చెప్పడం మానేసింది నా వల్లే.

గొలుసు కాలర్ తీసేశాను. ఇప్పుడు గిన్నె వేరే గదిలో, తలుపు వేసి పెడుతున్నాం. వాడు మళ్ళీ గుర్రుమనడం నేర్చుకుంటాడా? దయచేసి చెప్పండి.

పశువైద్యురాలు_22

మీ అమ్మాయి ఎలా ఉంది? టీకా సూదులన్నీ తేదీ తప్పకుండా పూర్తి చేయించండి.

గుర్రు తిరిగొస్తుంది, నేను చూశాను. దానికి సమయం పడుతుంది, ముందు రాజాకు చెప్పినా ఏమీ కాదన్న నమ్మకం కలగాలి. తలుపు వేసి పెట్టడం చాలా మంచి పని, దాన్ని మార్చకండి. మిగతా సమయాల్లో చిన్న గుర్తులను వినడం మొదలుపెట్టండి. మీరు దగ్గరికి వెళ్ళినప్పుడు తినడం ఆపి బిగుసుకున్నా, తల దించినా, ఓరగా చూసినా, అక్కడే ఆగి వెనక్కి తగ్గండి. ఒక్క మాటా అనకుండా. అలా ప్రతిసారీ. చెబితే వింటారని వాడికి తెలియాలి. అలాగే వాడికి కూడా కీళ్ళూ, పళ్ళూ పరీక్ష చేయించండి. దగ్గరలో దండన వాడని ట్రైనర్ ఉంటే ఇంటికి పిలిపించుకోండి, ఇది ఒక్కరే చేసే పని కాదు.

వెదురుపొద

పాతకాపు గారూ, తిరిగొచ్చి ఇది రాసినందుకు మిమ్మల్ని గౌరవిస్తున్నాను. ఏ వేళైనా ఇక్కడ రాయండి.

పాతకాపు

రెండు నెలలు దాటింది. పరీక్షలో వెనక పన్ను ఒకటి విరిగి కుళ్ళిందని తేలింది, తీయించాం. ట్రైనర్ వారానికి ఒకసారి వస్తున్నారు. అమ్మాయి చెయ్యి బాగైంది.

నిన్న రాత్రి రాజా తన పరుపు మీద ఎముక నములుతున్నాడు. నేను చూసుకోకుండా చార్జర్ కోసం అటు వెళ్ళాను. వాడు నమలడం ఆపాడు. తర్వాత గొంతులోంచి సన్నగా, వినీ వినబడనట్టు, గుర్రుమన్నాడు.

నేను ఉన్నచోటే ఆగి, మూడడుగులు వెనక్కి వేశాను. వాడు నా వైపు కాసేపు చూసి మళ్ళీ నమలడం మొదలుపెట్టాడు. చార్జర్ పొద్దున తీసుకున్నాను.